జాక్ ఆర్సెన్ డార్సన్వాల్

జాక్ ఆర్సెన్ డార్సన్వాల్ (జూన్ 8, 1851 - డిసెంబరు 31, 1940) ఫ్రాన్సు దేశానికి చెందిన వైద్యుడు, భౌతిక శాస్త్రవేత్త. కదిలే తీగచుట్ట గాల్వనోమీటరు ద్వారా ఈయన పేరు ప్రసిద్ధి పొందినది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాలలో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థులకు ఈ పరికరం భౌతికశాస్త్ర పాఠాలలో పరిచయమే. అయస్కాంత క్షేత్రంతో మనిషి తలలోని నాడులను ఉత్తేజపరచే తొలి ప్రయోగాలు చేసినవాడు కూడా ఈయనే. నేడు మెదడు చికిత్సలో వాడుతున్న అయస్కాంత ప్రేరణ పద్ధతి చరిత్ర ఈయనతోనే మొదలవుతుంది.

జీవితం

డార్సన్వాల్ ఫ్రాన్సులోని లిమూజాఁ ప్రాంతంలో లా పోర్షెరీ గ్రామ సమీపాన జన్మించాడు. లిమోజ్, పారిస్ నగరాలలో వైద్యవిద్య నభ్యసించాడు. పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విని, ఆయన వద్ద సహాయకునిగా చేరాడు. 1878లో బెర్నార్డ్ మరణించిన తరువాత బ్రౌన్-సెకార్ వద్ద పనిచేశాడు. 1894లో గురువు మరణించగా కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్య పదవి ఈయనకు దక్కింది.

కండరాలలో, నాడులలో పుట్టే అత్యల్ప విద్యుత్తును కొలవాలంటే సున్నితమైన పరికరం కావాలి. 1882లో మార్సెల్ డెప్రేతో కలసి రూపొందించిన గాల్వనోమీటరు ఇటువంటి అవసరానికి తగినది. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు దీని వెనుకనున్న వైద్యుని ప్రస్తావించకపోవడం విచారకరం.

1890 ప్రాంతంలో అధిక పౌనఃపున్య విద్యుత్తుపై పరిశోధించి, దిశను అత్యంత వేగంగా మార్చుకునే ప్రవాహం శరీరం గుండా పోయినా కండరాలు సంకోచించవని కనుగొన్నాడు. ఈ విద్యుత్తుతో చేసే చికిత్స ఈయన పేరుమీదనే ప్రచారం పొందినది. ఇది అనేక రోగాలను కుదుర్చునని వైద్యులు చెప్పుకున్నారు గాని, వాటిలో పెక్కు నిలువలేదు. శరీరాన్ని లోపలి నుండి వేడిచేసే డయాథెర్మీ మాత్రం దీని నుండే ఎదిగింది.

1896 నాటి ప్రయోగం

తల పట్టేటంత పెద్ద తీగచుట్టను చేయించి, అందులో 110 వోల్టుల వద్ద 30 ఆంపియర్ల ఏకాంతర విద్యుత్తును ప్రవహింపజేశాడు. దాని పౌనఃపున్యం 42 హెర్ట్జ్‌లు. పాల్వంచ తాప విద్యుత్ కేంద్రం నుండి మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 50 హెర్ట్జ్‌లు కనుక రెంటికీ పెద్ద తేడా లేదు. తల లోపల ఉంచినవారికి కళ్ళముందు మిణుకుమిణుకుమనే వెలుగులు కనిపించాయి, తల తిరిగినట్లయింది. ఒక తీగచుట్టలో విద్యుత్తు మారుతుంటే సమీపంలోని వాహకంలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే నిరూపించాడు. ఇక్కడ ఆ వాహకం సజీవమైన మనిషి తల.

మెదడును అయస్కాంతంతో మొట్టమొదట ఉత్తేజపరచినవాడు డార్సన్వాల్ అని కొన్నిచోట్ల వ్రాస్తుంటారు. దీనిని యథాతథంగా అంగీకరించలేము. ఆ వెలుగులు మెదడులో కాక కంటిలోని రెటీనాలో పుట్టినవని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆయన తీగచుట్టలోని క్షేత్రం నెమ్మదిగా మారేది, బలమూ తక్కువే. కనుక చేతివేళ్ళను కదిలించే మెదడు పైపొర, అనగా చాలక వల్కలం, దానికి స్పందించలేదు.

తరువాతి పరిణామాలు

ఆ స్పందన కొరకు 89 ఏళ్ళు వేచియుండవలసి వచ్చింది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, రజా జలినస్, ఇయాన్ ఫ్రీస్టన్ కెపాసిటరులో నిలువచేసిన విద్యుత్తును ఒక్కసారిగా తీగచుట్టలోనికి వదిలారు. వేల ఆంపియర్ల ప్రవాహం, సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ కాలం. తలపై తీగచుట్టను ఉంచగానే ఎదుటి వైపు చేతికండరం నొప్పి లేకుండా కదిలింది.

దీనితో చాలక వల్కలంలో ఏ కండరానికి ఎంత చోటున్నదో పటం గీయడం సాధ్యమైనది. ఆ పటం స్థిరం కాదని త్వరలోనే తేలింది. 1995లో ఆల్వారో పాస్కువల్-లియోన్ బృందం ప్రకటించిన ప్రయోగంలో, ఐదు రోజులపాటు రోజుకు రెండు గంటలు పియానోపై ఐదువేళ్ళ అభ్యాసం చేసినవారిలో ఆ వేళ్ళకు చెందిన ప్రాంతం విస్తరించింది. మనసులో మాత్రమే అభ్యాసం చేసినవారిలోనూ విస్తరించింది. అభ్యాసంతో మెదడు తన అమరికను మార్చుకొనే ఈ గుణాన్నే నాడీ సునమ్యత అంటారు.

మార్పును కొలిచే పరికరమే మార్పును కలిగించగలదు కూడా. సెకనుకు సుమారు ఒక స్పందన చొప్పున పలుమార్లు ఇస్తే చాలక వల్కలం ఉత్తేజం తగ్గుతుందని, సెకనుకు ఐదు లేక అంతకు మించి ఇస్తే సాధారణంగా పెరుగుతుందని 1990లలో గమనించారు. 2005లో లండన్‌లో కేవలం 40 సెకన్లపాటు గుంపులుగా స్పందనలనిచ్చి ఉత్తేజాన్ని దాదాపు గంటసేపు తగ్గించగలిగారు. అయితే 2013లో 52 మందిపై పరీక్షించినపుడు సగటున చెప్పుకోదగిన ఫలితం కనిపించలేదు. కొందరిలో పెరిగింది, కొందరిలో తగ్గింది. అందువలన పక్షవాత రోగులకు చెయ్యి తిరిగి వస్తుందని ఈ పద్ధతిపై హామీ ఇవ్వడం తొందరపాటే. మందులకు లొంగని మానసిక కుంగుబాటు చికిత్సకు మాత్రం 2008లో అమెరికాలో అనుమతి లభించింది.

చివరి కాలం

సముద్రపు ఉపరితల జలాలకు, లోతు జలాలకు గల ఉష్ణోగ్రతల తేడాతో విద్యుత్తును పొందవచ్చునని డార్సన్వాల్ 1881లోనే సూచించాడు. శిష్యుడు జార్జ్ క్లాడ్ 1930లో క్యూబా తీరాన దానిని చేసి చూపినపుడు గురువు జీవించియుండటం విశేషం. 1940 సంవత్సరపు చివరి రోజున, తన 89వ ఏట, స్వస్థలంలోనే డార్సన్వాల్ మరణించాడు.