ఏ.టి.పి.ని కనుగొన్న మనవాడు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మద్రాసున వైద్యము చదివి, అమెరికా చేరి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1929లో కండరములనుండి ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును వేరుచేసిరి.

జీవకణమున దాని పనిని మన వీథులలోనే పోల్చి చూడవచ్చును. అబిడ్స్ దర్జీ కొలతల పుస్తకము దుకాణము దాటదు. నకలుచీటీయే కుట్టుచోటికి పోవును. అట్లే జన్యువు కేంద్రకములోనే యుండ, దాని నకలునుబట్టి రైబోసోము అమైనో ఆమ్లములను ప్రోటీనుగా కూర్చును. నాంపల్లి స్టేషనులో కూలి ముట్టనిదే మూట కదలదు, ఏ.టి.పి. ఖర్చు కానిదే ఆ ఆమ్లములును కదలవు. ఈ సంగతి ఆయన గతించిన పిదపనే తేలినది.

హార్వర్డు ఆయనకు స్థిరోద్యోగ మీయలేదు. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరి, ఫోలిక్ ఆమ్లమును తయారుచేయించి, 1948లో 53 ఏండ్లకే కన్నుమూసిరి. తరగతిలో ఏ.టి.పి. పాఠము వచ్చిననాడు ఆయన పేరుకూడ చెప్పుట మన విధి.