పావులూరి మల్లన

తెలుగులో ఆదికవి ఎవరంటే నన్నయ అని అందరూ చెబుతారు. తెలుగులో తొలి గణిత గ్రంథకర్త పావులూరి మల్లన అని ఎరిగినవారు మాత్రం కొద్దిమందే.

కృష్ణా గోదావరీ తీరాలను వేంగీ చాళుక్యులు పాలించిన కాలమది. అప్పటికే బెజవాడలో యుద్ధమల్లుని శాసనం తెలుగు పద్యాలలో వెలసింది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ మహాభారతాన్ని తెనిగించసాగాడు. కవిత్వానికి తెలుగు బాట ఏర్పడింది. గణితశాస్త్రం మాత్రం సంస్కృతం నేర్చిన వారికే అందుబాటులో ఉండిపోయింది. ఈ లోటును తీర్చినవాడు మల్లన.

ఇతడు శివన్న, గౌరమ్మ దంపతుల కుమారుడు. పిఠాపురం సమీపంలోని నవఖండవాడ అగ్రహారాన్ని రాజరాజనరేంద్రుని వలన పొందినవాడు ఇతడేనని కొందరు పండితులు, ఇతని తాతయైన మల్లన అని మరికొందరు భావించారు.

9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన 'గణితసారసంగ్రహాన్ని' మల్లన 'సారసంగ్రహ గణితము' పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మూలకర్త జైనుడు, మల్లన శైవుడు. మతం వేరైనా ఆ విద్యను ఆదరించాడు. జైన ప్రస్తావనలకు బదులు శివపరమైన వాటిని నిలిపి, కొన్ని లెక్కలను తగ్గించి, కొన్నింటిని తానే కూర్చాడు. లోకంలో ఆ గ్రంథానికి 'పావులూరి గణితము' అనే పేరు స్థిరపడింది.

మహావీరుడు చెప్పిన వర్గసూత్రం ఒకటి గమనింపదగినది. ఒక సంఖ్యకు ఇష్టసంఖ్యను కలిపి ఒకసారి, తీసివేసి ఒకసారి వ్రాసి, ఆ రెండింటిని గుణించి, ఇష్టసంఖ్య వర్గాన్ని చేర్చాలి. 98 వర్గం కావాలంటే 100ను 96తో గుణించి 4 కలిపితే 9604 వస్తుంది. నేడు పాఠశాలలో రెండు వర్గాల భేదాన్ని కారణాంకాలుగా విడదీసే సూత్రం ఇదే.

చదరంగపు 64 గళ్లలో మొదటి గడిలో ఒకటి ఉంచి, గడిగడికి రెట్టింపు చేస్తే వచ్చే మొత్తాన్ని మల్లన ఒక పద్యంలో ఇమిడ్చాడు. చంద్రుడు ఒకటికి, శరాలు అయిదుకు సంకేతాలు. అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చాలి. అప్పుడు 1,84,46,74,40,73,70,95,51,615 అనే సంఖ్య వస్తుంది. 2 యొక్క 64వ ఘాతం నుండి ఒకటి తీసివేసినా ఇదే సంఖ్య. పై సూత్రాన్నే మరల మరల ప్రయోగిస్తే ఇది 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధంగా విడిపోతుంది. ఇరవై అంకెల సంఖ్యలో ఒక్క అంకె తప్పినా లెక్క చెడుతుంది, ఒక్క మాట తప్పినా ఛందస్సు చెడుతుంది. మల్లన రెండింటినీ కాపాడాడు.

కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించిన ఈ గ్రంథ ప్రథమభాగం 1952లో తిరుపతి నుండి వెలువడింది. శాస్త్రాన్ని మాతృభాషలో చెప్పడం సాధ్యమా అన్న ప్రశ్నకు మల్లన శతాబ్దాల క్రితమే గ్రంథరూపంలో సమాధానమిచ్చాడు.