పుల్లరి కట్టని మనిషి

నెట్‌వర్క్ సెక్యూరిటీ చదువుతుంటే సిస్కో ఏసీఎస్ అనే పాత సర్వర్ గురించి వచ్చింది. నెట్‌వర్క్‌లోకి ఏ మెషిన్‌ని రానివ్వాలో అది తేలుస్తుంది. దానికి కొత్త యాట్రిబ్యూట్ చేర్చాలంటే ముందు ఒక టెక్స్ట్ ఫైల్ రాయాలి. అందులో వెండర్ ఐడీ, అప్లికేషన్ ఐడీ, యాట్రిబ్యూట్ పేరు, అది స్ట్రింగా ఇంటిజరా అన్నీ ఉండాలి. కమాండ్ లైన్లో సీఎస్‌యుటిల్‌కి యాడ్‌ఏవీపీ ఆప్షన్‌తో ఆ ఫైల్ ఇచ్చి, సర్వీసులు రీస్టార్ట్ చేయాలి. అంతే. నిన్నటిదాకా ఎవరూ అడగని ప్రశ్న ఇవాళ్టి నుంచి ప్రతి మెషిన్‌నీ అడగొచ్చు.

అది చదువుతుంటే నాకు పల్నాడు కన్నెగంటి హనుమంతు గుర్తొచ్చారు. నవ్వకండి, ఎందుకో చెప్తాను.

హనుమంతు 1870లో పుట్టారు. ఊరు మించాలపాడు, ఇప్పుడు దుర్గి మండలంలో ఉంది. ఆయనకి పన్నెండేళ్లప్పుడు, అంటే 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అనే డెఫినిషన్ దాంతోనే వచ్చింది. అడవి అదే, గొడ్లు అవే, మనుషులూ వాళ్లే. కానీ అక్కడ మేపాలంటే ఇక పర్మిట్ కావాలి, పుల్లరి కట్టాలి. కట్టకపోతే గొడ్లని బందెలదొడ్డికి తోలేవాళ్లు.

పల్నాడు మెట్ట నేల. వాన మొహం చాటేసి చేను ఎండితే రైతుకి మిగిలేది గొడ్లే. వాటికి దిక్కు నల్లమల అంచు అడవే. అందుకే అక్కడ పుల్లరి అంటే ఉత్త పన్ను కాదు, బతుకు మీద వేసిన తాళం.

1920లో సహాయ నిరాకరణ వచ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు పల్నాడు ఉద్యమంలోకి దిగి జైలుకెళ్లారు. మాలపల్లి నవల రాసింది ఆ జైల్లోనే. ఊళ్లని కూడగట్టి నిలబడింది మాత్రం హనుమంతు. జనం పుల్లరి కట్టడం మానేశారు. వచ్చిన అధికారులకి తిండి పెట్టలేదు, పనికి మనిషిని పంపలేదు. ఈసారి యాక్సెస్ లేదన్నది ఊరు!

చౌరీచౌరా తర్వాత, 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ ఉద్యమాన్ని ఆపేసింది. పల్నాడులో పుల్లరి మాత్రం ఆగలేదు. ఆ నెలలోనే పోలీసులు మించాలపాడు వచ్చి కాల్చారు. హనుమంతు చనిపోయారు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి.

ఇంపోర్ట్ చేసే ఫైల్లో ఒక ఫీల్డ్ తప్పితే సర్వర్ ఎర్రర్ చూపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే తీసేసుకుంటుంది. ఆ రూల్ న్యాయమేనా అని మాత్రం అడగదు. 1882లో చట్టం రాసినవాళ్లు కూడా మించాలపాడు రైతుని అడగలేదు.

రేపు మనలో చాలామందిమి ఇలాంటి ఫైల్స్ రాసే ఉద్యోగాల్లోనే చేరతాం. ఎంటర్ నొక్కేముందు, గేటు బయట ఆగిపోయేది ఎవరో ఒక్కసారి చూసుకుందాం.