క్లౌడ్స్ హిల్ బాట

దక్షిణ ఇంగ్లండులోని డార్సెట్ మండలమున, బోవింగ్టన్ సైనిక శిబిరమునకు మైలున్నర దూరములో, చెట్ల నడుమ క్లౌడ్స్ హిల్ అను చిన్న ఇల్లు కలదు. దాని ముందుగా పోవు బాట ఆ దినములలో మిక్కిలి ఇరుకైనది; మిట్టల నెక్కుచు, పల్లముల దిగుచు సాగెడిది. 1935 మే 13వ తేదీన ఆ బాటపై నొక మోటారు సైకిలు అదుపు తప్పెను. దానిని నడపుచున్నవాడు థామస్ ఎడ్వర్డ్ లారెన్సు. అరేబియా లారెన్సని లోకము పిలిచిన దాతనినే.

అతడు 1888లో వేల్సునందలి ట్రెమడాగ్ గ్రామమున జన్మించెను. ఆక్స్‌ఫర్డులో చదువుచుండగనే, 1909లో, సిరియా దేశమున దాదాపు వేయి మైళ్లు కాలినడకను తిరిగి క్రూసేడు యోధుల కోటలను పరిశీలించెను. తురుష్కులపై అరబ్బులు తిరుగబడినపుడు వారితో కూడి ఎడారిని దాటి, 1917 జూలైలో అకబా రేవును పట్టుకొనిన కథ సుప్రసిద్ధము. దానిని మరల చెప్పనక్కర లేదు. ఆ యుద్ధము అతనికి కీర్తిని తెచ్చెను. అరబ్బులకిచ్చిన మాటను ఆంగ్ల ప్రభుత్వము నిలుపుకొనలేదను సిగ్గును గూడ మిగిల్చెను. పిమ్మట అతడు తన పేరునుండియే పారిపోజూచెను. కర్నలుగా నుండినవాడు 1922లో రాస్ అను మారుపేరుతో వైమానిక దళమున సామాన్య సైనికుడుగా చేరెను. పత్రికలు గుట్టు బయటపెట్టగా ఆ కొలువు పోయెను. 1923లో షా అను పేరుతో బోవింగ్టనులోని టాంకు దళమున చేరెను. క్లౌడ్స్ హిల్ ఇల్లు అతనికి దొరికినది అప్పుడే.

మోటారు సైకిలన్న అతనికి ప్రాణము. నాటింగుహాములో జార్జి బ్రఫ్ నిర్మించు బ్రఫ్ సుపీరియర్ బండ్లను ఒకదాని పిమ్మట నొకటిగా ఏడింటిని వాడెను. ఉరుముయొక్క పుత్రులని అర్థమిచ్చు బోయనేర్గెసు అను బైబిలు నామమును దానికి ముద్దుపేరుగా నుంచెను. 1925లో వైమానిక దళమునకు తిరిగివచ్చి క్రాన్‌వెల్‌లో నున్నపుడు, ఆకాశమున పోవు విమానముతో నేలపై పందెము వేసిన వృత్తాంతము ‘ది మింట్’ గ్రంథమున నున్నది. అది 1955లో గాని వెలువడలేదు. దినమంతయు ఇతరుల ఆజ్ఞలకు లోబడుట తానై కోరుకొనినవానికి, సాయంకాలమున ఆ బాటయొక్కటియే స్వరాజ్యమై యుండవలెను.

1926 చివరిలో అతనిని కరాచీకి పంపిరి. అచటను, ఆఫ్గన్ సరిహద్దునందలి మిరాన్‌షా కోటలోను గ్రీకు మహాకావ్యమగు ఒడిస్సీని ఆంగ్లీకరించుచుండెను. ఆఫ్గనిస్తానములో కలహమును రేపుచున్న గూఢచారి యితడే యని పత్రికలు వ్రాయగా, 1929 ఆరంభమున స్వదేశమునకు మరలింపబడెను. అనువాదము 1932లో అచ్చయ్యెను.

1935 ఫిబ్రవరిలో కొలువు ముగిసెను. అప్పటికి అతనికి 46 ఏండ్లు. మే 13న హెన్రీ విలియమ్‌సన్ అను రచయితను మరునాడు భోజనమునకు రమ్మని బోవింగ్టనులో తంతి యిచ్చి తిరిగివచ్చుచుండెను. పల్లములో ఇద్దరు బాలురు సైకిళ్లపై పోవుచుండిరి. వారిని తప్పింపబోయి పడిపోయెను. శిరస్త్రాణము లేదు. నల్లని కారొకటి ఎదురుగా పోయెనని ఒక సైనికుడు సాక్ష్యమిచ్చెను. బాలురు కారును చూడలేదనిరి. ప్రమాదమరణమని విచారణలో తేల్చిరి. బండి రెండవ గేరులో కనబడెను. ఆ గేరులో గంటకు 38 మైళ్లకు మించి పోజాలదు! నూరు మైళ్ల వేగము నెరిగినవానికి అది నడకవంటిది.

ఆరు దినములు తెలివి రాలేదు. మే 19న మరణించెను. మోర్టన్ గ్రామమున జరిగిన అంత్యక్రియలకు చర్చిల్ వచ్చెను. ఎనిమిదవ బండి బ్రఫ్ కార్ఖానాలో ఇంకను తయారగుచుండెను.

చికిత్సకు వచ్చిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఆ మరణమును మరువలేదు. మోటారు సైకిలు నడపువారి తలగాయములను ఏండ్ల తరబడి పరిశీలించి, శిరస్త్రాణపు ఆవశ్యకతను 1941లో బ్రిటిషు వైద్య పత్రికలో నిరూపించెను. ఆ యేడు నవంబరులోనే సైన్యము తన వార్తాహరులకు దానిని విధించెను. సామాన్య ప్రజలకు బ్రిటనులో ఆ నిబంధన 1973లో వచ్చెను. కెయిర్న్స్ దానిని చూడలేదు, 1952లోనే గతించెను.