కనిపించని దెబ్బ.. మేరీ క్యూరీ జీవితం

రేడియేషన్ అనగానే మీకు రెండు సంగతులు గుర్తుకొస్తాయి. ఒకటి క్యాన్సర్ చికిత్స, రెండోది భయం. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో కలిశాయి. ఆవిడే మేరీ క్యూరీ. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న శాస్త్రవేత్తగా మీ పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆమెను చూసే ఉంటారు. ఈసారి ఆమె జీవితాన్ని ఆరోగ్యం వైపు నుంచి చూడండి. రేడియేషన్ దెబ్బ తగిలిన రోజే కనిపించదు. చర్మంలో కొన్ని వారాలకు, కాలేయంలో కొన్ని నెలలకు బయటపడుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి ప్రపంచానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకు ఆమె కుటుంబం పెద్ద మూల్యమే చెల్లించింది.

వార్సా నుంచి పారిస్‌కు

మేరీ 1867 నవంబరు 7న పోలండ్‌లోని వార్సాలో పుట్టారు. ఇంట్లో ముద్దుగా మాన్యా అని పిలిచేవారు. తండ్రి సైన్సు, లెక్కల మాస్టారు. ఆమెకు పదేళ్ల వయసులో తల్లి క్షయతో పోయారు. అంతకు ముందే ఒక అక్క టైఫస్ జ్వరంతో చనిపోయింది. ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు చోటు లేదు. అందుకని అక్కాచెల్లెళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. మేరీ సంపన్నుల ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పి అక్క బ్రోన్యాను పారిస్‌లో డాక్టరు చదివించాలి. ఆ తర్వాత అక్క చెల్లెలికి దారి చూపాలి. అలా 1891లో మేరీ పారిస్ చేరారు. రెండేళ్లకే భౌతికశాస్త్రంలో మొదటి స్థానంలో నిలిచారు. 1895లో పియరీ క్యూరీని పెళ్లాడారు.

1898లో ఈ దంపతులు పొలోనియం, రేడియం అనే రెండు కొత్త మూలకాలను ప్రకటించారు. ఆ తర్వాతే అసలు కష్టం మొదలైంది. సరిగా గాలి, వెలుతురు లేని ఒక షెడ్డులో టన్నుల కొద్దీ యురేనియం ఖనిజపు వ్యర్థాన్ని మరగబెట్టి, కలియబెట్టి, వడకట్టారు. నాలుగేళ్ల శ్రమకు 1902లో దక్కింది గ్రాములో పదో వంతు రేడియం లవణం. రాత్రిపూట ఆ షెడ్డుకు వెళ్లి, గాజు గొట్టాల్లో మెరిసే వెలుగును ఇద్దరూ చూసి మురిసిపోయేవారు.

ఎలుకలు ముందే చెప్పాయి

అప్పటికే ఇద్దరి వేళ్ల కొసలూ గట్టిపడి, చర్మం ఊడిపోతోంది. పియరీ కావాలనే రేడియాన్ని పది గంటల పాటు చేతికి కట్టుకున్నారు. మొదట చర్మం ఎర్రబడిందంతే. రోజులు గడిచాక అది పుండైంది. 52 రోజులైనా పూర్తిగా మానలేదు. ఆయనకు కాళ్ల నొప్పులు, ఇద్దరికీ విపరీతమైన నీరసం. 1903లో నోబెల్ వచ్చినా అందుకోవడానికి స్వీడన్ వెళ్లలేకపోయారు. 1905లో గానీ ఆ ప్రయాణం కుదరలేదు.

1904లో పియరీ ఇద్దరు వైద్యులతో కలిసి చుంచెలుకలు, గినీ పందులపై ప్రయోగాలు చేశారు. రేడియం నుంచి వెలువడే వాయువు నిండిన పాత్రలో ఉంచితే అవి కొద్ది గంటల్లోనే చనిపోయాయి. కోసి చూస్తే ఊపిరితిత్తులు రక్తంతో ఉబ్బిపోయి ఉన్నాయి. రక్తంలోని తెల్లకణాల్లో మార్పు కనిపించింది. హెచ్చరిక అంత స్పష్టంగా వచ్చింది. కానీ పెద్ద మోతాదు ఒక్కసారిగా తగిలితేనే ప్రమాదమనీ, రోజూ కొంచెం కొంచెం తగిలితే ఏమీ కాదనీ అప్పటివారు అనుకున్నారు. ఇంతలో 1906 ఏప్రిల్ 19న పారిస్ వీధిలో గుర్రపు బండి కింద పడి పియరీ మరణించారు. ఇద్దరు చిన్నపిల్లలతో మేరీ ఒంటరిగా మిగిలారు. ఆయన బోధించిన కోర్సును తానే చేపట్టారు. 1911లో రసాయనశాస్త్రంలో రెండో నోబెల్ అందుకున్నారు. ఆ వెంటనే మూత్రపిండాల జబ్బుతో నెలల తరబడి మంచాన పడ్డారు.

యుద్ధంలో ఎక్స్‌రే బండ్లు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైనికుల ఒంట్లో దిగిన తూటాలు ఎక్కడున్నాయో తెలియక సర్జన్లు ఇబ్బంది పడుతున్నారు. మేరీ దాతల నుంచి కార్లు సేకరించి, వాటిలో ఎక్స్‌రే యంత్రాలు బిగించి యుద్ధభూమికి నడిపించారు. అలాంటి బండ్లు ఇరవై దాకా, ఆస్పత్రుల్లో ఎక్స్‌రే గదులు రెండు వందల దాకా ఏర్పాటయ్యాయి. పదిహేడేళ్ల కూతురు ఐరీన్ కూడా తల్లితో కలిసి పనిచేసింది. ఆ యంత్రాలకు ఈ రోజుల్లో ఉండే రక్షణ కవచాలు లేవు. వేలమంది ప్రాణాలు కాపాడిన ఆ కిరణాలు తల్లీకూతుళ్ల శరీరాల్లోకీ వెళ్లాయి.

పొట్టేళ్లు నేర్పిన పాఠం

పారిస్‌లో మేరీ కోసం కట్టిన రేడియం సంస్థలో రెండు విభాగాలుండేవి. ఒకటి ఆమెది. రెండోది వైద్య పరిశోధనది. దానికి పెద్ద క్లాడ్ రెగో. 1920ల్లో ఆయన బృందం పొట్టేళ్లపై చేసిన ప్రయోగం ఈనాటి చికిత్సకు పునాది. పొట్టేలు వృషణాల్లో వీర్యకణాలను తయారుచేసే కణాలు క్యాన్సర్ కణాల్లాగే వేగంగా విభజన చెందుతాయి. వాటిని ఒకే పెద్ద మోతాదుతో నాశనం చేయబోతే పైచర్మం ఘోరంగా కాలిపోయింది. అదే రేడియేషన్‌ను చిన్న మోతాదులుగా విడగొట్టి, కొన్ని వారాల పాటు ఇస్తే పని జరిగింది, చర్మమూ నిలిచింది. మీ ఇంట్లో ఎవరికైనా రేడియోథెరపీని పాతికో, ముప్ఫయ్యో సిట్టింగులుగా ఇచ్చి ఉంటే, దాని వెనక ఈ పొట్టేళ్ల కథ ఉంది.

తన జాగ్రత్త తాను మరిచి..

ప్రయోగశాలలో పనిచేసేవారికి మేరీ తరచూ రక్తపరీక్షలు చేయించేవారు. సీసపు అడ్డు వాడమనీ, ఆరుబయట గాలిలో తిరగమనీ చెప్పేవారు. ఆ నియమాలను తన విషయంలో మాత్రం పట్టించుకోలేదు. 1920ల్లో రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. పలుమార్లు ఆపరేషన్లు జరిగాయి. 1934 వేసవికి జ్వరం తగ్గకపోవడంతో, క్షయ తిరగబెట్టిందేమోనన్న అనుమానంతో ఆల్ప్స్ కొండల్లోని శానటోరియంలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. జబ్బు రక్తంలో ఉంది. రక్తకణాలను తయారుచేసే ఎముక మూలుగ చేతులెత్తేసింది. ఎప్లాస్టిక్ అనీమియాతో 1934 జులై 4న, 66 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

1995లో ఆమె శవపేటికను పారిస్‌లోని పాంథియోన్‌కు తరలించినప్పుడు నిపుణులు పరీక్షించారు. అవశేషాల్లో రేడియం అంత ఎక్కువగా లేదు. రేడియం కన్నా, యుద్ధకాలంలో తగిలిన ఎక్స్‌రేలే ఆమె జబ్బుకు కారణమై ఉండవచ్చని తేల్చారు. కూతురు ఐరీన్ 1956లో ల్యుకేమియాతో మరణించారు. 1958లో అల్లుడు ఫ్రెడరిక్ కాలేయ జబ్బుతో పోయారు. దానికీ రేడియేషనే కారణమని చాలామంది రాశారు గానీ అది రుజువైన మాట కాదు.

కాలేయం ఎందుకు ఆలస్యం చేస్తుంది?

ఎముక మూలుగ కణాలు క్షణం తీరిక లేకుండా విభజన చెందుతుంటాయి. అందుకే రేడియేషన్ దెబ్బ వాటిలో త్వరగా కనిపిస్తుంది. పెద్దవారి కాలేయ కణాలు అలా కాదు. అవి చాలా అరుదుగా విభజన చెందుతాయి. జన్యుపదార్థం దెబ్బతిన్నా మామూలుగానే పనిచేస్తూ పోతాయి. అందుకే కాలేయం రేడియేషన్‌ను తట్టుకుంటుందని డాక్టర్లు చాలాకాలం నమ్మారు.

ఆ నమ్మకాన్ని ఎలుకలే కదిలించాయి. ఆరోగ్యంగా ఉన్న ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసేసినా, మిగిలిన భాగం ఒకటి రెండు వారాల్లో మళ్లీ అంత బరువుకు పెరుగుతుంది. ముందుగా కాలేయానికి రేడియేషన్ ఇచ్చి ఉంచితే, పైకి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కొన్ని వారాలు, నెలల తర్వాత కొంత భాగం కోసి, పెరగక తప్పని స్థితి కల్పిస్తే దాగి ఉన్న గాయం బయటపడుతుంది. విభజన మొదలెట్టిన కణాల్లో క్రోమోజోములు విరిగి కనిపిస్తాయి. చాలా కణాలు చనిపోతాయి. తీర్చని అప్పు అవసరం వచ్చిన రోజున మెడకు చుట్టుకున్నట్టన్నమాట. ఇంకో మంచి సంగతీ ఎలుకల్లోనే తేలింది. కాలేయంలో ఒక భాగానికే రేడియేషన్ తగిలితే, తగలని భాగం పెరిగి లోటు పూడుస్తుంది.

అయితే ఎలుక మనిషి కాదు. మనిషిలో రేడియేషన్ తర్వాత కాలేయంలోని సన్నటి సిరలు మూసుకుపోతాయి. ఎలుకల్లో అచ్చంగా ఆ జబ్బే రావడం కష్టం. అందుకే మనుషుల అనుభవం అవసరమైంది. 1965లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు దీన్ని వివరంగా నమోదు చేశారు. చికిత్స ముగిసిన కొన్ని వారాల నుంచి మూడు నాలుగు నెలల్లోపు కాలేయం ఉబ్బడం, పొట్టలో నీరు చేరడం, బరువు పెరగడం కనిపించాయి. ఇంకా ఆలస్యమైన ఉదాహరణ థోరోట్రాస్ట్. 1930ల నుంచి 1950ల దాకా ఎక్స్‌రేలో రక్తనాళాలు కనిపించేందుకు ఈ థోరియం ద్రవాన్ని ఎక్కించేవారు. అది కాలేయంలో పేరుకుపోయి, 20, 30 ఏళ్ల తర్వాత క్యాన్సర్లు తెచ్చింది.

మీరు తెలుసుకోవాల్సినవి

* మామూలు మోతాదుల్లో కాలేయమంతటికీ కలిపి దాదాపు 30 గ్రే దాటితే ముప్పు పెరుగుతుంది. అందుకే ఇప్పుడు కంప్యూటర్ ప్లానింగ్‌తో గడ్డకే గురిపెట్టి, మంచి భాగాన్ని వీలైనంత వదిలేస్తారు.

* పొట్ట పైభాగానికి రేడియోథెరపీ మొదలయ్యే ముందు హెపటైటిస్-బి పరీక్ష చేశారా, కాలేయం పనితీరు ఎలా ఉందని అడగండి. ఈ వైరస్, సిరోసిస్ ఉన్నవారిలో ముప్పు ఎక్కువ.

* చికిత్స అయిపోయిందని ఫాలో-అప్ మానొద్దు. మొదటి నాలుగు నెలలు కీలకం. పొట్ట ఉబ్బినా, ఉన్నట్టుండి బరువు పెరిగినా వెంటనే డాక్టరుకు చెప్పండి. కామెర్లు లేవని ఊరుకోవద్దు. ఈ సమస్యలో చాలామందికి మొదట కళ్లు పచ్చబడవు.

* పొట్టకు తీసే ఒక సీటీ స్కాన్‌తో కాలేయానికి అందేది చికిత్స మోతాదులో వెయ్యో వంతు కన్నా తక్కువే. డాక్టరు అవసరమన్న స్కాన్‌ను భయంతో మానొద్దు. అవసరం లేనిది అడిగి తీయించుకోవద్దు. అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐల్లో ఈ రేడియేషన్ ఉండదు.

మేరీ క్యూరీ రాసుకున్న నోటు పుస్తకాలు ఇప్పటికీ రేడియేషన్ వెదజల్లుతూనే ఉన్నాయి. వాటిని సీసం పెట్టెల్లో భద్రపరిచారు. ఆ రోజుల్లో ఆమెకు లేని కొలతలు, కవచాలు, హెచ్చరికలు ఈ రోజు మీకున్నాయి. వాటిని వాడుకోండి.