అమ్మ నోటి పద్యం

హరికథ పేరు చెబితే ఆదిభట్ల నారాయణదాసే గుర్తొస్తారు. 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన ఆయనకి తొలి గురువు తల్లే. ఆమె నోట విని విని భాగవత పద్యాలు చిన్నప్పుడే నోటికొచ్చేశాయి. ఇంగ్లీషు చదువుకని విజయనగరం వచ్చారు. అక్కడ 1883లో కుప్పుస్వామి నాయుడి హరికథ విన్నారు. అంతే! పద్యం, పాట, అభినయం... తనకొచ్చినవన్నీ ఒక్కచోట కలిసే దారి కనబడింది. ‘ధ్రువ చరిత్ర’ రాసుకుని కాలికి గజ్జె కట్టేశారు. ఇంగ్లీషు చదివితే కొలువు దొరికే ఆ రోజుల్లో అదేమంత తేలికైన పని కాదు. 1919లో విజయనగరంలో మహారాజు సంగీత పాఠశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. 1945లో కన్నుమూశారు.

మనింట్లో కూనిరాగం తీసే పిల్లల్ని కసురుకునేముందు ఆ తల్లిని ఒక్కసారి తలుచుకుందామా!