జేమ్స్ ఫోర్సైత్: గుగ్గిలం అడవికి తగిన తుపాకిని వెతికిన అటవీ అధికారి

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): విశాఖపట్నం నుంచి కోర్బా వెళ్లే రైలు బిలాస్‌పూర్ జంక్షన్‌లో ఆగినప్పుడు ప్లాట్‌ఫారంపై తెలుగు మాటలు వినిపించడం కొత్తేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి రైల్వే ఉద్యోగాలకు వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రంగా ఉన్న ఈ పట్టణానికి పట్టాలు రాక ముందు మరో చరిత్ర ఉంది. 1860లలో ఒక యువ అటవీ అధికారి ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని దాటి తూర్పు అడవుల్లోకి నడిచి వెళ్లారు. ఆయన పేరు కెప్టెన్ జేమ్స్ ఫోర్సైత్. నెలల తరబడి జనసంచారం లేని అడవిలో ఉండవలసిన మనిషి వెంట ఏ తుపాకులు ఉండాలన్న ప్రశ్నకు ఆయన ఒక పుస్తకమే రాసి సమాధానం చెప్పారు.

రైలు పట్టాల కోసం అడవిబాట

ఫోర్సైత్ 1838లో జన్మించారు. ఇంగ్లండులో చదువు ముగించుకొని భారతదేశానికి వచ్చి, అటవీ శాఖలో సహాయ సంరక్షకునిగా, ఆపై తాత్కాలిక సంరక్షకునిగా పనిచేశారు. 1861లో నాగపూర్ రాజధానిగా మధ్య రాష్ట్రాలు ఏర్పడ్డాయి. కొత్త ప్రభుత్వానికి తన ఏలుబడిలోని అడవుల విస్తీర్ణం గానీ, వాటిలోని కలప గానీ సరిగా తెలియదు. రిచర్డ్ టెంపుల్ చీఫ్ కమిషనర్‌గా ఉన్న ఆ కాలంలో ఈ అన్వేషణ బాధ్యత ఫోర్సైత్ వంటి యువ అధికారులపై పడింది.

అప్పటికి దేశంలో రైలుమార్గాల నిర్మాణం జోరుగా సాగుతోంది. పట్టాల కింద పరిచే స్లీపర్లకు గట్టి కలప కావాలి. గుత్తేదారులు నర్మదా లోయ పరిసరాల్లో టేకును విచక్షణ లేకుండా నరికివేశారు. అందులో చాలా భాగం అడవిలోనే కుళ్లిపోయింది. ఇక మిగిలినవి తూర్పున ఉన్న గుగ్గిలం అడవులు. హిందీలో సాల్ అని పిలిచే ఈ చెట్టు కలప స్లీపర్లకు ఎంతో అనువైనది.

1862లో ఆయన సాత్పురా కొండల్లోని పచ్‌మఢీ పీఠభూమికి చేరుకున్నారు. అక్కడ నిర్మించుకున్న బైసన్ లాడ్జ్ నేటికీ ఉంది. 1864 వరకు సాగిన పర్యటనలో నర్మద, శోణ నదుల పుట్టుక స్థానమైన అమర్‌కంటక్‌ను చూసి, ఛత్తీస్‌గఢ్ మైదానం మీదుగా తూర్పు గుగ్గిలం అడవులకు వెళ్లారు. బిలాస్‌పూర్‌కు ఉత్తరాన మాతిన్, ఉప్రోడా జమీందారీల కొండల్లో ఆ రోజుల్లో అడవి ఏనుగుల మందలు తిరిగేవి. పులి, ఎలుగుబంటి, అడవిదున్న, అడవి ఎనుము ఉన్న దేశమది. దారులు లేవు, వైద్యుడు లేడు, సాయం కావాలంటే రోజుల తరబడి ప్రయాణం.

ఎంపికలోని లెక్క

ఆ కాలపు తుపాకులను నేటి కళ్లతో చూడరాదు. చాలావాటిని మూతి నుంచే మందు, గుండు దట్టించి పేల్చేవారు. మన పల్లెల్లో భరమారు అని పిలిచే తుపాకి ఆ కోవకు చెందినదే. ఒకసారి పేల్చాక మళ్లీ నింపడానికి పట్టే వ్యవధిలో గాయపడిన పులి మనిషి మీదికి వచ్చేస్తుంది. అందుకే వేటగాళ్లు జంట గొట్టాల తుపాకి వాడేవారు. రెండో తుపాకిని నింపి పట్టుకొని పక్కనే ఒక నమ్మకస్తుడు నిలబడేవాడు. రెండూ ఒకే కొలతవైతే ఒకే అచ్చులో పోసిన గుళ్లు రెండింటికీ సరిపోతాయి. శిబిరంలో కూరకు పక్షులను కొట్టడానికి చిన్న రవ్వలు పేల్చే తేలికపాటి తుపాకి వేరుగా ఉండేది.

వెనుక నుంచి తూటా పెట్టే కొత్త తుపాకులు కూడా అదే దశాబ్దంలో వ్యాప్తిలోకి వచ్చాయి. వాటిని క్షణాల్లో నింపవచ్చు. అయితే వాటి తూటాలు నగరం నుంచి రావాలి. పాత రకానికి మందు, సీసం, క్యాపులు ఉంటే చాలు, గుళ్లను శిబిరం మంట మీదే పోసుకోవచ్చు. వేగమా, స్వయంసమృద్ధా అన్నది ఆనాటి అడవి ప్రయాణికులందరికీ ఎదురైన చిక్కు.

ఫోర్సైత్ అసలు దృష్టి గొట్టం లోపల ఉంది. క్రీడా రైఫిలు, దాని గుళ్ల గురించి 1860ల తొలినాళ్లలో ఆయన ప్రచురించిన గ్రంథం ఇంగ్లండులోని తుపాకి తయారీదారులలోనూ చర్చకు దారితీసింది. రైఫిలు గొట్టంలో మెలితిరిగిన గాడులు ఉంటాయి. అవి గుండును గిరగిర తిప్పి నిలకడగా పంపుతాయి. మెలిక బిగుతుగా ఉండి మందు ఎక్కువైతే గుండ్రని గుండు గాడులను పట్టుకోలేక జారిపోతుంది, గురి తప్పుతుంది. అందుకని మందు తగ్గిస్తే వేగం తగ్గి, గుండు వంపు తిరిగి కిందికి పోతుంది. అప్పుడు దూరాన్ని కచ్చితంగా అంచనా వేయలేని వేటగాడి దెబ్బ జంతువు కాలికో కడుపుకో తగులుతుంది.

దీనికి ఆయన చూపిన పరిష్కారం సరళమైనది. మెలికను బాగా వదులు చేయాలి, మందు భారీగా పోయాలి, గుండు పెద్దదిగా గుండ్రంగా ఉండాలి. 14 బోరు అంటే ఒక పౌండు సీసంతో 14 గుళ్లు వచ్చే కొలత. ఒక్కో గుండు సుమారు 32 గ్రాములు తూగుతుంది. ఆ కొలత రైఫిలుకు ఆయన సూచించిన మెలిక 104 అంగుళాలకు ఒక చుట్టు. అంటే గుండు గొట్టం దాటేసరికి దాదాపు పావు చుట్టు మాత్రమే తిరుగుతుంది. ఇలాంటి గుండు దూరం పెరిగితే త్వరగా వేగం కోల్పోతుంది. ఆ లోపాన్ని ఆయన తెలిసే అంగీకరించారు. దట్టమైన అడవిలో 150 గజాలకు మించి గురిపెట్టే అవసరం అరుదు. ఆ లోపల మాత్రం గుండు దాదాపు నిటారుగా పోతుంది. మైదానంలో బారులు తీరిన సైనికులకు పనికొచ్చే పొడవాటి తూటా అడవిలో పులి ముందు నిలిచిన మనిషికి పనికిరాదన్నది ఆయన నిర్ధారణ. అడవిని చూసి తుపాకిని ఎంచుకోవాలన్నదే దాని సారాంశం.

కచ్చితత్వానికి మరో ముఖం

ఆ లెక్కకు చీకటి కోణమూ ఉంది. తాకగానే లోపల పేలే గుళ్లను కూడా ఫోర్సైత్ సమర్థించారు, వాటి తయారీకి సొంత పద్ధతిని రూపొందించారు. గాయపడిన పులి పొదలో దాక్కుంటే దాన్ని వెతుక్కుంటూ వెళ్లే మనుషుల ప్రాణాలకే ముప్పు. ఒక్క దెబ్బతో ముగించడమే మేలన్న వాదనకు ఆ అడవిలో బలముంది. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే, 1868లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సమావేశమైన దేశాలు 400 గ్రాములకన్నా తక్కువ బరువున్న పేలుడు గుళ్లను తమ మధ్య జరిగే యుద్ధాల్లో వాడరాదని ప్రకటించాయి. బ్రిటన్ కూడా సంతకం చేసింది. మనిషిపై కూడదన్న ఆయుధం మృగంపై కొనసాగింది.

ఫోర్సైత్ కేవలం వేటగాడు కారు. ఏ చెట్టు ఎక్కడితో ఆగిపోతుంది, దానితో పాటు ఏ జంతువు ఆగిపోతుంది అని గమనించిన ప్రకృతి పరిశీలకుడు. గుగ్గిలం అడవికి, బారాసింగా జింకకు, ఎర్ర అడవికోడికి ఉన్న సంబంధాన్ని ఆయన గుర్తించారు. ప్రధాన గుగ్గిలం అడవులకు ఎంతో దూరాన, పచ్‌మఢీ సమీపంలోని దేన్వా లోయలో ఒంటరిగా మిగిలిన గుగ్గిలం వనంలోనూ ఆ జంతువులే కనిపించడం ఆయనను ఆకట్టుకుంది. గోండులు, బైగాల జీవనాన్ని వివరంగా రాశారు. స్టీఫెన్ హిస్లాప్ సేకరించిన గోండుల లింగో పురాణగాథను ఆంగ్ల పద్యంగా మలిచారు. బాణం, గొడ్డలితోనే అదే అడవిలో తరతరాలుగా బతికిన బైగాల నైపుణ్యం లేకుండా ఏ అధికారి తుపాకీ పులి జాడను చేరలేదు. అయినా వారి పోడు వ్యవసాయాన్ని మాత్రం ఆయన అటవీ అధికారి కళ్లతో, అడవికి నష్టంగానే చూశారు.

తర్వాత నిమాడ్ జిల్లాలో సెటిల్‌మెంట్ అధికారిగా, డిప్యూటీ కమిషనర్‌గా పనిచేశారు. తన పర్యటనల గ్రంథం హైలాండ్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా అచ్చులో ఉండగానే 1871 మే 1న లండన్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు సుమారు 33 ఏళ్లు.

తుపాకుల తరువాత అడవి

ఆయన మరణించిన ఇరవై ఏళ్లకు, 1891లో, బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన మార్గం బిలాస్‌పూర్ మీదుగా పూర్తయింది. గొడ్డలి, నాగలి, తుపాకి కలిసి అడవిని కుదించాయి. బిలాస్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న కొరియా సంస్థానంలో 1947లో పాలకుడు మూడు చీతాలను కాల్చి చంపారు. దేశంలో చీతాల చివరి నమోదు అదే. 1952లో ఆ జాతి అంతరించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. మధ్య భారత బారాసింగా 1970 నాటికి కాన్హాలో 66కు పడిపోయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కాన్హాలో బారాసింగా మళ్లీ కోలుకుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువైన అడవి ఎనుము మాత్రం కొద్ది సంఖ్యలోనే మిగిలింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఇక్కడి నుంచి కనుమరుగైన ఏనుగులు 1980ల చివరి నుంచి ఝార్ఖండ్, ఒడిశాల వైపు నుంచి తిరిగి వచ్చాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం 1,995 చదరపు కిలోమీటర్ల లెమ్రు ఏనుగుల రిజర్వును నోటిఫై చేసింది. ఫోర్సైత్ కాలంలో మందలు తిరిగిన కోర్బా కొండల్లో ఇప్పుడు పంటలు నష్టపోతున్న రైతులు ఉన్నారు, మనుషులూ ఏనుగులూ ప్రాణాలు కోల్పోతున్నారు. అడవిలోకి ఏ తుపాకితో వెళ్లాలన్న ప్రశ్నకు అక్కడ కాలం చెల్లింది. తుపాకి లేకుండా అడవి పక్కన ఎలా బతకాలన్న ప్రశ్నకు ఆ గ్రామాలు ఇంకా సమాధానం వెతుకుతున్నాయి.